గురువారం నాటి నాలుగు నిమిషాలు

ఆ శనివారం మధ్యాహ్నం ఇంట్లో ఐదుగురం ఉన్నాం. సోయా కోత మధ్యలో ఆపి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా వంటింటి గుమ్మంలో నిలబడిన నాన్న. బల్ల మీద కాగితం పెట్టి, కాగితం మీద పెన్ను పెట్టి, పెన్ను దొర్లిపోకుండా ఉప్పు సీసా ఆనించిన అమ్మ. ఎదురు కుర్చీ మీదికి కాలు చాపి, మోకాలికి ఐసు సంచి కట్టుకున్న అక్క బ్రిన్. కిటికీ పక్కన దుప్పటి కప్పుకుని ఎడిత్ నానమ్మ. బల్లకు ఈ చివర నేను.

మా స్కూల్ సాకర్ కోచ్ హెంకెల్ నాలుగింటికి వస్తానన్నారు. అప్పటికే మూడున్నర దాటింది.

కాగితంలో అమ్మ రాసింది మూడే వాక్యాలు. పోయిన ఆదివారం కొలంబస్‌లో క్లబ్ తరఫున ఆడింది నేనే. స్కూల్ సీజన్ నడుస్తుండగా క్లబ్ మ్యాచ్ ఆడకూడదన్న నియమం నాకు గుర్తు లేదు. నన్ను క్షమించండి. దాని కింద సంతకానికి ఒక గీత. గీత కింద నా పేరు, నెల్ నీకాంప్, పదో తరగతి.

ఆదివారం నేను ఆడలేదు. ఆడింది బ్రిన్. నా క్లబ్ గుర్తింపు కార్డుతో ఆడింది.

"ఎంతసేపు చూస్తావే దాన్ని? అదేమన్నా పరీక్ష పేపరా?" అంది బ్రిన్.

నాకు మాటలు తొందరగా రావు. వచ్చేసరికి ఎదుటివాళ్ళు ఇంకో సంగతిలోకి వెళ్ళిపోయి ఉంటారు.

"దాన్ని కంగారు పెట్టకు. సంతకం పెడుతుంది. ఎందుకు పెట్టదు?" అంది అమ్మ.

మా ఫ్రిజ్ మీద బ్రిన్ ఆటల క్యాలెండర్ ఉంటుంది. అందులో ఎరుపు క్లబ్బుది, నీలం స్కూలుది. ఆగస్టు నుంచి ఆ రెండు రంగులూ లేని గడి ఒక్కటీ లేదు. ఒకే రోజు రెండు ప్రాక్టీసులూ పడితే అమ్మ రెండు ఫోన్లు చేసేది. స్కూల్ కోచ్‌తో జ్వరం అని, క్లబ్ కోచ్‌తో పరీక్ష అని. పోయిన ఆదివారం గడిలో మాత్రం ఏ ఫోనూ పనికిరాలేదు. కాలేజీల వాళ్ళు ఆటగాళ్ళను ఎంచుకోవడానికి వచ్చే టోర్నమెంటు అది. రాకపోతే బ్రిన్ చోటు ఇంకొకరికి ఇస్తానని క్లబ్ కోచ్ చెప్పేశాడు. ఆడితే స్కూల్ టీమ్‌లోంచి తీసేస్తారు. అదీ నియమమే.

అప్పుడే అమ్మ డ్రాయర్‌లోంచి నా కార్డు తీసింది.

క్లబ్బులో నన్ను కూడా చేర్చి రెండేళ్ళయింది. నేను వెళ్ళేది తక్కువ. కార్డు మాత్రం ఉంది, ఫోటోతో సహా. ఫోటోలో నేను అక్కలాగే ఉంటానని అందరూ అంటారు, ఫోటో బయట ఎవరూ అనరు. ఆ ఉదయం హోటల్ గదిలో అమ్మ బ్రిన్ జుట్టును ఫోటోలో నాకున్నట్టే రెండు జడలు వేసింది. నేను వ్యానులోనే ఉండాలంది. ఎవరైనా నెల్లీ అని పిలిస్తే ఇద్దరు తల తిప్పకూడదు కదా. పార్కింగులో ఆరు గంటలు కూర్చున్నాను. చప్పట్లు వినపడుతూనే ఉన్నాయి. నెల్ నీకాంప్ రెండు గోల్స్ కొట్టింది.

ఆ సంగతి క్లబ్ వాళ్ళు గొప్పగా వెబ్‌సైట్‌లో పెట్టుకున్నారు. పక్క ఊరి స్కూలు పిల్ల తల్లి ఎవరో చూసి మా ప్రిన్సిపాల్‌కు పంపింది.

అమ్మ ఒక్కటి మరిచిపోయింది. నేను కూడా స్కూల్ టీమ్‌లో ఉన్నానని. బ్రిన్‌ను దాచడానికి ఎవరి పేరు వాడిందో, ఆ పేరు కూడా అదే జాబితాలో ఉందని. ఇరవై మూడో నంబరు, చివరి వరుస.

"నాకు తట్టలేదు. నిజంగా తట్టలేదు డ్వేన్. ఇది బెంచ్ మీద నీళ్ళ సీసాలు అందిస్తుందనే ఉండిపోయింది నా బుర్రలో," అని శుక్రవారం నాన్నతో అంటుంటే మెట్ల మీద నుంచి విన్నాను.

ఇప్పుడు నాన్న కిటికీలోంచి పడమటి వైపు చూస్తున్నాడు. అక్కడ మబ్బు పట్టింది.

"ఆరింటికి వాన అంటున్నారు. ఇంకా నలభై ఎకరాలుంది," అన్నాడు.

"నిన్నెవరూ పట్టుకోలేదు, వెళ్ళు," అంది అమ్మ.

"నువ్వేగా రమ్మన్నావు."

"తండ్రివి కదా, ఒక మాట చెప్తావని రమ్మన్నాను. గుమ్మానికి తలుపులా నిలబడటానికి కాదు."

నాన్న నా వైపు తిరిగాడు. కనుబొమల మీద పొలం దుమ్ము అలాగే ఉంది.

"నెల్లీ, నువ్వు ఈ ఏడు ఎన్ని మ్యాచ్‌లు ఆడావు?"

జవాబు నా నాలుక మీద ఉంది. బ్రిన్ ముందే అందుకుంది.

"గుండుసున్నా."

"మరి నీకు పోయేదేముంది తల్లీ?" అన్నాడు నాన్న. మెత్తగానే అన్నాడు. అందుకే ఎక్కువ తగిలింది.

అమ్మ కుర్చీ నా దగ్గరికి జరుపుకుంది. "చూడు. బ్రిన్ పేరు బయటికొస్తే ఆదివారం తర్వాత ఆడిన మ్యాచ్ చెల్లదు. అంటే గురువారం మనం గెలిచిన మొదటి రౌండు పోతుంది. మంగళవారం రెండో రౌండు ఉండదు. పదకొండేళ్ళలో మొదటిసారి ఈ ఊరు రెండో రౌండుకు వచ్చింది. అదే నువ్వంటే ఏ మ్యాచూ పోదు, ఎందుకంటే నువ్వు ఏ మ్యాచులోనూ దిగలేదు. సీజన్ అయ్యేదాకా నిన్ను టీమ్‌లోంచి తీస్తారు. అంతేగా?"

"వచ్చే ఏడు కూడా సగం తీస్తారు," అన్నాను.

"ఎవరు చెప్పారు?"

"నియమాల పుస్తకంలో ఉంది."

"చదివిందండీ మహాతల్లి!" బ్రిన్ నవ్వింది. "ఆడటం రాకపోయినా చదవటం వచ్చు. నీ జన్మలో నీ పేరు మీద రెండు గోల్స్ పడేవా? నేను కొట్టిపెట్టాను. థాంక్స్ అక్కా అనాలి నువ్వు."

"బ్రిన్!" అంది అమ్మ, గట్టిగా మాత్రం కాదు.

"ఏం, తప్పా? నేను వారానికి ఏడు రోజులు పరిగెడుతున్నా. చూడు ఈ మోకాలు. చూడు! ఎరుపూ నీలమూ నువ్వు రాస్తావు, పరిగెత్తేది నేను. రెండూ కావాలని నేనడిగానా? క్లబ్ వాడు రాకపోతే తీసేస్తానంటాడు, హెంకెల్ వెళ్తే తీసేస్తానంటుంది. మరి ఇది? ఇది వ్యానులో కూర్చుని శాండ్‌విచ్ తింది."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు జాలి వేసింది. ఆ జాలి అక్కకు కనిపించినట్టుంది.

"అలా చూడకు," అంది. "నువ్వు నా వైపు అలా చూశావంటే చెంప పగలగొడతా."

కిటికీ దగ్గర నానమ్మ కదిలింది. "కాఫీ ఎవరైనా పెడతారా, లేక నేనే లేవాలా?"

నేను లేవబోయాను. అమ్మ నా మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టింది.

అప్పుడే బయట ట్రక్కు ఆగిన చప్పుడైంది.

కోచ్ హెంకెల్ మా స్కూల్లో బయాలజీ చెప్తారు. అమ్మా ఆవిడా చిన్నప్పుడు ఒకే తరగతి. అందుకే తలుపు తట్టకుండా వచ్చేశారు. చేతిలో ఆకుపచ్చ అట్ట పుస్తకం. ప్రతి మ్యాచ్‌లో ఎవరు దిగారు, ఎన్నో నిమిషంలో దిగారు, ఎప్పుడు బయటికొచ్చారు, అన్నీ ఆ పుస్తకంలో ఆవిడే రాసుకుంటారు. ఎప్పుడూ పెన్సిల్‌తోనే. వానలో పెన్ను చెదిరిపోతుందని.

"కూర్చో పామ్," అంది అమ్మ.

"ఎక్కువసేపు కూర్చోను క్యారీ. ప్రిన్సిపాల్‌కు సోమవారం ఎనిమిదింటికల్లా కాగితం అందాలి. నేను పిల్ల నోట వినాలని వచ్చాను."

పుస్తకం బల్ల మీద పెట్టారు. కాగితం తీసి చదివారు. చదువుతున్నంతసేపూ కింది పెదవి కొరుకుతూనే ఉన్నారు. చదవటం అయ్యాక నన్ను చూడలేదు, ముందు బ్రిన్ మోకాలి వైపు చూశారు.

"ఐసు పెట్టింది స్కూల్ ప్రాక్టీసుకా?"

"దేనికైతే ఏం? మంగళవారానికి తగ్గిపోతుంది," అంది అమ్మ.

"తగ్గాలి." కోచ్ తల ఊపారు. "సరే. అయితే ఆదివారం ఆడింది నెల్లీ."

అది ప్రశ్నలా లేదు.

"నెల్లీనే. తప్పు నాది, నేను నియమం చూసుకోలేదు. కానీ ఏ మ్యాచూ పోదు కదా పామ్? ఇది ఈ సీజన్‌లో ఒక్కసారి కూడా దిగలేదు," అంది అమ్మ.

కోచ్ చేయి పుస్తకం అట్ట మీద ఆగిపోయింది.

నేను ఎదురుచూశాను. ఆవిడ చెప్తారనుకున్నాను. గడియారం నడుస్తోంది. నానమ్మ ముక్కు చీదుకుంది.

"దిగాను," అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

"ఏంటి?" అంది అమ్మ.

"గురువారం. నాలుగు నిమిషాలు."

బ్రిన్ ఐసు సంచి జారి నేల మీద పడింది. ఎవరూ తీయలేదు.

గురువారం మ్యాచ్‌లో అరవయ్యో నిమిషానికే మేం నాలుగు గోల్స్ ముందున్నాం. కోచ్ బ్రిన్‌ను బయటికి పిలిచారు. ఆరింటికి క్లబ్ వాళ్ళ డాక్టర్‌కు మోకాలు చూపించాలని అమ్మ వెంటనే అక్కను వ్యాను ఎక్కించుకుని వెళ్ళిపోయింది. నాన్న పొలంలో ఉన్నాడు. మైదానం అంచు గీత పక్కన మడత కుర్చీలో నానమ్మనూ, బెంచ్ మీద నన్నూ వదిలి వెళ్ళారు. మమ్మల్ని ఇంటికి ఎవరు తెస్తారో కూడా ఎవరూ అనుకోలేదు. ఎనభై నిమిషాల ఆటలో డెబ్బై ఆరో నిమిషంలో కోచ్ నా భుజం మీద చెయ్యి వేసి మైదానంలోకి తోశారు. మ్యాచ్ అయ్యాక తన ట్రక్కులోనే మా ఇద్దర్నీ ఇంటి దగ్గర దింపారు. దారిలో, వచ్చే ఏడు నువ్వు నాకు కావాలి, అన్నారు.

ఆ రాత్రి ఇంట్లో బ్రిన్ మోకాలి గురించే మాట్లాడుకున్నారు. నేను డైరీలో రాసుకున్నాను. రెండు పేజీలు.

"అబద్ధం," అంది బ్రిన్. "అమ్మా, ఇది కావాలనే అంటోంది. మ్యాచ్ పోవాలని."

"నేను చూశా," అంది నానమ్మ.

అందరూ అటు తిరిగారు.

"పరిగెత్తింది. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు. ఒకసారి బంతి దీని కాలికి తగిలింది కూడా."

"అత్తయ్యా," అంది అమ్మ ఓపిగ్గా. "పోయిన వారం మీరు మామయ్యగారిని పెట్రోల్ బంకులో చూశానన్నారు. ఆయన పోయి తొమ్మిదేళ్ళు."

"అది వేరు. ఆయన పరిగెత్తట్లేదు."

నాన్నకు నవ్వొచ్చింది. నవ్వు ఆపుకుని కోచ్ వైపు చూశాడు. "ఇందులో గొడవేముంది? పుస్తకం మీ దగ్గరే ఉందిగా. చూసి చెప్పండి."

కోచ్ పుస్తకం తెరిచారు. పేజీలు తిప్పారు. గురువారం దగ్గర ఆగారు. పుస్తకాన్ని కొంచెం తన వైపు ఎత్తి పట్టుకున్నారు, కానీ నేను సరిగ్గా ఎదురుగా ఉన్నాను. తలకిందులుగా చదవటం నాకు వచ్చు. చివరి వరుసలో 23. దాని పక్కన 76. ఆవిడ రాతే. ఆరు అంకె తోక ఎప్పుడూ పొడుగ్గా రాస్తారు.

ఆవిడ చాలాసేపు చూశారు. ఎంతసేపంటే, నాన్న రెండుసార్లు మబ్బు వైపు చూసి వచ్చాడు.

నాకు ఆ క్షణం భయం వేయలేదు. నిజం ఆ పేజీలో ఉంది. అబద్ధం నా మీద వేస్తే గురువారం పోతుంది, బ్రిన్ మీద నిజం వేసినా గురువారం పోతుంది. ఎటూ పోయేదే కాబట్టి, ఇక నా చేత సంతకం పెట్టించే పని ఉండదనుకున్నాను.

కోచ్ పుస్తకం మూశారు.

"ఇందులో నెల్లీ పేరు లేదు," అన్నారు.

అమ్మ ఊపిరి వదిలింది. "నేను చెప్పలేదా?"

"ఉంది," అన్నాను.

"నెల్లీ." కోచ్ గొంతు క్లాసులో ఉన్నట్టే ఉంది. "లేదంటున్నాను కదా."

"పాపం, దిగుదామని అంత ఆశపడింది, దిగినట్టే అనిపించి ఉంటుంది," అంది అమ్మ. నా తల నిమిరింది. ఆ చెయ్యి విదిలించుకోవాలనిపించింది. విదిలించుకోలేదు.

బ్రిన్ మాత్రం నవ్వలేదు. ఆమె కోచ్ ముఖం చూస్తోంది. తర్వాత నా ముఖం చూసింది. అప్పుడు ఆమెకు తెలిసిపోయిందని నాకు తెలిసింది. నేను దిగానని. అక్క ఒక్క మాట అంటే చాలు. ఆడేవాళ్ళకు ఆ నాలుగు నిమిషాలంటే ఏంటో తెలుసు, అమ్మకు తెలియకపోయినా.

అక్క వంగి ఐసు సంచి తీసుకుంది. మళ్ళీ మోకాలికి కట్టుకుంది.

"సంతకం పెట్టవే," అంది. ఈసారి నెమ్మదిగా. "ప్లీజ్."

"పెట్టు తల్లీ. వానొచ్చేస్తోంది," అన్నాడు నాన్న.

నేను పెన్ను తీశాను. ఉప్పు సీసా పక్కకు ఒరిగింది. పెన్ను కొన గీత మీద పెట్టాను. అక్కడ ఒక చుక్క పడింది. అంతకంటే ముందుకు చెయ్యి వెళ్ళలేదు.

"ఆదివారం వరకు టైముంది, అప్పుడే తొందరేం లేదు," అని కోచ్ లేచారు. కుర్చీ వెనక్కి తోసిన చప్పుడుకు నానమ్మ ఉలిక్కిపడింది. "క్యారీ, బోర్డు కూడా తీయించెయ్. జనం చూస్తారు."

మా ఊళ్ళో టీమ్ పిల్లల ఇళ్ళ ముందు పేరూ నంబరూ ఉన్న బోర్డులు పాతుతారు. మా ముంగిట్లో రెండున్నాయి. బ్రిన్ తొమ్మిది, నెల్లీ ఇరవై మూడు. నాది పాతేటప్పుడు గ్యాస్ ట్యాంకు అడ్డం వచ్చింది, రోడ్డు మీది నుంచి సగమే కనపడేది.

"ఇప్పుడే తీసేస్తా," అంది అమ్మ. చెప్పులు వేసుకుని కోచ్ కంటే ముందే బయటికి వెళ్ళింది.

నాన్న కోత యంత్రం దగ్గరికి వెళ్ళిపోయాడు. పోతూ నానమ్మ దుప్పటి సర్దాడు. నన్ను దాటుకుని వెళ్ళాడు.

"వెళ్ళు," అంది నానమ్మ నాతో. "ఆవిడ నిన్ను ట్రక్కులో తెచ్చిందిగా. ఆవిడకు గుర్తుంటుంది."

పెన్ను చేతిలోనే ఉంది. అలాగే బయటికి పరిగెత్తాను.

అమ్మ బోర్డును అటూ ఇటూ ఊపుతోంది. ఎండిన నేల, తొందరగా వదలటం లేదు. ట్రక్కు తలుపు తీసే ఉంది. కోచ్ సీట్లో కూర్చుని, స్టీరింగ్ మీద పుస్తకం తెరిచి పెట్టుకున్నారు. పెన్సిల్ తలకిందులుగా పట్టుకున్నారు. దాని చివరి రబ్బరు పేజీ మీద కదులుతోంది.

"కోచ్."

ఆవిడ తల ఎత్తలేదు.

"నా భుజం మీద చెయ్యి వేసి మీరే పంపారు. ఊపిరి తీసుకోవటం మరిచిపోకు అన్నారు."

రబ్బరు ఆగింది.

"పద్దెనిమిది మంది పిల్లలు నెల్లీ," అన్నారు. "ఐదుగురికి ఇదే ఆఖరి ఏడు. వాళ్ళ బోర్డులు కూడా పీకించమంటావా?"

"ఆదివారం ఆడింది నేను కా..."

"చెప్పకు." చెయ్యి అడ్డం పెట్టారు, బంతిని ఆపినట్టు. "నువ్వు చెప్తే నాకు తెలిసినట్టవుతుంది. ఆదివారం ఎవరు ఆడారో నేను నిన్ను అడగను. గురువారం ఎవరు ఆడారో నువ్వు నన్ను అడగకు."

వెనక బోర్డు ఊడి వచ్చింది. అమ్మ దాని మట్టి దులుపుతున్న చప్పుడు.

"నేను సంతకం పెట్టకపోతే?" అన్నాను.

కోచ్ అప్పుడు నన్ను చూశారు. గురువారం చూసినట్టే చూశారు, అదే నాకు అర్థం కాలేదు. తర్వాత పేజీ మీద ఉఫ్ అని ఊదారు. రబ్బరు నలుసులు ఎగిరి నా స్వెటర్ మీద పడ్డాయి.

"చలిగా ఉంది. లోపలికి పో," అన్నారు.

తలుపు వేసుకున్నారు.